పైకి తరుముకొచ్చే చేపకు ఏ రీల్?

ప్రశ్న: నేను కెనడాలో, ఒంటారియోలో ఉంటున్నాను. మూడు చలికాలాలుగా గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పడుతున్నాను. మొదటి రెండేళ్ళూ పెర్చ్ చేపలే. వాటి కోసం కొన్న చిన్న ఇన్‌లైన్ రీల్ (గాలపు దారం మెలి పడకుండా తిన్నగా దిగే చక్రం లాంటిది) ఒక్కటే నా దగ్గరుంది. పోయిన చలికాలం మొదటిసారి లేక్ ట్రౌట్ కోసం 70 అడుగుల లోతులో గాలం వేశాను. చేప నా ఎర వెంట పైకి రావడం సోనార్ (నీళ్ళ కింద ఏముందో చూపే పరికరం) తెర మీద రెండుసార్లు చూశాను. రెండుసార్లూ చెయ్యి నొప్పి పుట్టేలా తిప్పాను, అయినా చేప మధ్యలోనే వెనక్కి తిరిగింది. మూడోసారి కొక్కేనికి పడింది గానీ డ్రాగ్ (చేప గట్టిగా గుంజితే గాలపు దారాన్ని, అంటే లైన్‌ని, కొద్దికొద్దిగా వదిలే బ్రేకు) కదలక లైన్ తెగిపోయింది. ఈసారి వేరే రీల్ కొనాలి. పెద్ద ఇన్‌లైన్ కొనమని స్నేహితుడు అంటాడు. లైన్ కౌంటర్ (ఎంత లైన్ దిగిందో చూపే మీటరు) ఉన్న బెయిట్‌కాస్టర్ (లైన్ చుట్టిన కండే తిరిగే రకం రీల్) తప్ప ఇంకేదీ వద్దని మా బావగారు అంటారు. నేను 2500 సైజు స్పిన్నింగ్ రీల్ (కండె తిరగకుండా, దాని చుట్టూ తిరిగే రోటర్ అనే భాగం లైన్‌ని చుట్టే రకం) చూసి పెట్టుకున్నాను. ఏది కొనమంటారు? రెండోసారి డబ్బు దండగ కాకూడదు. ఇంకో చిన్న సందేహం, హ్యాండిల్ ఎడమవైపు ఉండాలా, కుడివైపా?

సమాధానం: స్పిన్నింగ్ రీలే కొనండి. మీరు చూసి పెట్టుకున్న సైజు కూడా సరైనదే. అయితే పెట్టె మీద 2500 అని రాసి ఉన్నంత మాత్రాన ప్రతి రీలూ మీకు పనికొస్తుందని కాదు. పనికొచ్చేదాన్ని కూడా కొన్నది కొన్నట్టుగా మంచు మీదికి తీసుకెళ్తే మళ్ళీ ఇలాంటి ఉత్తరమే రాయాల్సి వస్తుంది.

మీరు పోగొట్టుకున్న మూడు చేపల్లో రెండు వేగం చాలక పోయాయి, ఒకటి డ్రాగ్ కదలక పోయింది. లేక్ ట్రౌట్ రీల్‌లో చూడాల్సినవి ఆ రెండే. ఎన్ని బేరింగులు, ఏ రంగు, పెట్టె మీద మంచు బొమ్మ ఉందా లేదా అన్నవి ఆ తర్వాతే. మంచు బొమ్మ ఉన్న రీళ్ళలో చాలావరకు పెర్చ్ లాంటి చిన్న చేపలకు సరిపడే చిన్న రీళ్ళే. వేసవిలో పడవ మీద వాడే మామూలు 2500 రీల్ మీ ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో ఉంటే అసలు కొత్తది కొనే పనే లేకపోవచ్చు.

ముందు ఆ చేప అలా ఎందుకు పైకి వస్తుందో చూడాలి, ఎందుకంటే రీల్ సంగతంతా అక్కడే ఉంది. లేక్ ట్రౌట్ పేరుకు ట్రౌట్ గానీ నిజానికి చార్ కుటుంబంలోది. పెర్చ్‌కీ దీనికీ లోపల ఒక పెద్ద తేడా ఉంది. పెర్చ్ గాలితిత్తికి బయటికి దారి లేదు. లోతు నుంచి వేగంగా పైకి వస్తే లోపలి గాలి ఉబ్బి దాన్నే ఇబ్బంది పెడుతుంది. లేక్ ట్రౌట్‌కి గాలితిత్తి నుంచి గొంతువైపు సన్నటి గొట్టం ఉంటుంది. పైకి వస్తూ వస్తూ గాలి వదిలేస్తుంది. చేపను లాగుతున్నప్పుడు అది కనబడకముందే మంచులో తవ్విన కన్నంలో బుడగలు తేలతాయి, అవి ఆ గాలే. అడుగున ఉన్న చేప మంచు పలక కిందిదాకా మీ ఎరను తరుముకుంటూ రాగలిగేది ఇందువల్లే.

సిస్కో, స్మెల్ట్ లాంటి చిన్న చేపలు దీని ఆహారం. అవి దీన్ని చూడగానే పారిపోతాయి. మీ ఎర కూడా పారిపోతున్నట్టే ఉండాలి. తెర మీద అడుగు నుంచి ఒక గీత లేచి మీ ఎరవైపు వస్తుంటే ఎరను అక్కడే ఆడిస్తూ కూర్చోవడం పెర్చ్ అలవాటు. లేక్ ట్రౌట్ విషయంలో వెంటనే పైకి తిప్పడం మొదలుపెట్టాలి. చేప వేగం పెంచితే మీరూ పెంచాలి. మీ ఎర నెమ్మదించిందా, చాలా చేపలు అక్కడికక్కడే ఆసక్తి పోగొట్టుకుని కిందికి దిగిపోతాయి. మీకు రెండుసార్లు జరిగింది అదే. తప్పు మీ చేతిది కాదు, రీల్‌ది.

ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే ఎంత లైన్ లోపలికి వస్తుందన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది: లైన్ నిండిన స్పూల్ (లైన్ చుట్టే కండె) చుట్టుకొలత, గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక చుట్టుకు లైన్ ఎన్ని చుట్లు చుట్టుకుంటుందన్నది). మీ దగ్గరున్నలాంటి ఇన్‌లైన్ రీల్ స్పూల్ వ్యాసం సుమారు 2.4 అంగుళాలు అనుకుందాం. చుట్టుకొలత ఏడున్నర అంగుళాలు. గేర్ నిష్పత్తి 2.7:1 అయితే ఒక చుట్టుకు 20 అంగుళాలు. గేర్లే లేని 1:1 రకమైతే ఏడున్నరే. ఇప్పుడు 2500 స్పిన్నింగ్ రీల్ చూడండి. స్పూల్ వ్యాసం 1.85 అంగుళాలకు అటూ ఇటూ, చుట్టుకొలత 5.8. నిష్పత్తి 6:1 అయితే ఒక చుట్టుకు దాదాపు 35 అంగుళాలు. 60 అడుగులు పైకి తేవాలంటే మీ పాత రీల్‌ని 36 సార్లు తిప్పాలి, ఇది 21 సార్లు తిప్పితే చాలు. మందపాటి చేతి తొడుగుతో, వణుకుతున్న చేత్తో, గుండె దడదడలాడుతుండగా ఆ 15 చుట్ల తేడా ఎంతో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. 2500 అన్నది అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత కాదు. ఒక కంపెనీ 2500, ఇంకో కంపెనీ 3000 పక్కపక్కన పెడితే ఒకేలా ఉండొచ్చు. పైగా ఒకే కంపెనీ, ఒకే పేరున్న రీల్ రెండు మూడు గేర్ నిష్పత్తుల్లో వస్తుంది. షిమానో రీళ్ళ మీద హెచ్‌జి, ఎక్స్‌జి అక్షరాలు కనబడతాయి, అవి వేగమైన గేర్లకు గుర్తు. అదే రీల్ ఆ అక్షరాలు లేకుండా కొంటే నెమ్మదిది వస్తుంది. కాబట్టి సైజునో నిష్పత్తినో చూసి ఆగకండి. ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు అన్న అంకె పెట్టె మీదో, కంపెనీ వివరాల పట్టికలోనో రాసి ఉంటుంది. 33 అంగుళాలకు తగ్గకుండా చూసుకోండి. 30 ఉన్నా పని నడుస్తుంది. 25 కంటే తక్కువైతే పెర్చ్‌కి ఉంచుకోండి.

మీ స్నేహితుడి ఇన్‌లైన్ వాదనలో న్యాయం లేకపోలేదు. స్పిన్నింగ్ రీల్‌లో లైన్ స్పూల్ ముందు అంచు మీదుగా, కండె మీది దారంలా సుడులు తిరుగుతూ ఊడుతుంది. దాంతో లైన్‌కి మెలి పడుతుంది. గింజంత జిగ్ (బరువు అమర్చిన కొక్కెం ఎర) కట్టి దింపితే అది నీళ్ళలో బొంగరంలా తిరుగుతూనే ఉంటుంది, చేప దగ్గరికి రాదు. ఇన్‌లైన్‌లో ఆ బాధ లేదు, లైన్ తిన్నగా దిగుతుంది. పెర్చ్‌కి మీరు అది కొన్నది సబబే. కానీ లేక్ ట్రౌట్‌కి మీరు వాడేది అర ఔన్సు, ముప్పావు ఔన్సు బరువున్న ట్యూబ్ జిగ్గులో, స్పూన్లో (లోహపు రేకు ఎరలో). పైగా ఎర ఒకచోట నిలబడి ఉండే సమయం తక్కువ. ఒక చిన్న స్వివెల్ (మెలి పడకుండా తనే తిరిగే లింకు) పెడితే మిగిలిన మెలి కూడా చాలావరకు పోతుంది. పెద్ద ఇన్‌లైన్ రీళ్ళు ఇప్పుడు కాస్త వేగంగానే వస్తున్నాయి. అయినా ఆ రకంలో వేగమూ, మంచి డ్రాగూ రెండూ ఉన్నది వెతికి పట్టుకోవడం కంటే మామూలు స్పిన్నింగ్ రీల్ కొనడం తేలిక.

బావగారితో వాదన పెట్టుకోమని చెప్పను. ఆయన చెప్పేది తప్పు కూడా కాదు, కాకపోతే అది ఆయన పద్ధతికి సరిపోయే రీల్. బెయిట్‌కాస్టర్‌కి బలం ఎక్కువ, లైన్‌కి మెలి పడదు, బొటనవేలితో స్పూల్‌ని అదుపు చేస్తూ ఎరను దింపొచ్చు. చచ్చిన చేపను ఎరగా గుచ్చి, అడుగుకు కాస్త పైన ఉంచి, రాడ్‌ని స్టాండ్‌లో పెట్టి వదిలేసేవాళ్ళకు లైన్ కౌంటర్ చాలా ఉపయోగం. పోయినసారి చేప ఏ లోతులో పట్టిందో మళ్ళీ సరిగ్గా అక్కడికే దింపొచ్చు. మీకు సోనార్ ఉంది. లోతు కళ్ళముందే కనబడుతున్నప్పుడు కౌంటర్ కోసం డబ్బు పెట్టడం ఎందుకు?

వేగంలో కూడా అది వెనకే. 7:1 అని పెద్ద అంకె రాసి ఉన్నా దాని స్పూల్ సన్నది. వ్యాసం 1.3 అంగుళాలు అనుకుంటే చుట్టుకొలత నాలుగే, అంటే చుట్టుకు 28 అంగుళాలు. అది కూడా స్పూల్ నిండుగా ఉన్నప్పుడు. లైన్ బయటికి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, ఆ 28 కూడా రాదు. కౌంటర్ ఉన్న గుండ్రటి రీళ్ళలో గేర్ నిష్పత్తి ఇంకా తక్కువగా ఉండడం మామూలే. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ విసిగించేది లైన్‌ని అటూ ఇటూ సర్దే ఆ చిన్న కన్ను. తడిసిన లైన్ దానిగుండా వస్తూ నీటిచుక్కలు అక్కడే వదులుతుంది, అవి గడ్డకడతాయి, సరిగ్గా చేప పడ్డప్పుడు లైన్ అక్కడ ఇరుక్కుంటుంది. వేడిగా ఉండే గుడారంలో కూర్చునేవాళ్ళకు ఈ సమస్య ఉండదు. బావగారు గుడారంలో కూర్చుంటారని నా ఊహ.

ఇక మూడో చేప. డ్రాగ్ గురించి పెట్టె మీద 20 పౌండ్లు, 25 పౌండ్లు అని గొప్పగా రాస్తారు. ఆ అంకె మీకు అక్కరకు రాదు. 10 పౌండ్ల లీడర్‌కి (ఎరకు ముందుండే చివరి లైన్ ముక్కకు) మీరు పెట్టాల్సిన బిగింపు రెండున్నర, మూడు పౌండ్లే. అంటే తెగే బలంలో నాలుగో వంతు, మూడో వంతు మధ్య. అంత తక్కువ బిగింపులో డ్రాగ్ ఎంత నున్నగా కదులుతుందన్నదే ముఖ్యం. డ్రాగ్ లోపల రాపిడి కలిగించే బిళ్ళ, అంటే వాషర్, ఆగి ఉంటే దాన్ని కదిలించడానికి కావలసిన బలం, కదిలాక కదుపుతూ ఉండడానికి కావలసిన బలం కంటే ఎప్పుడూ ఎక్కువే. మంచి డ్రాగ్‌లో ఈ తేడా చేతికి తెలియదు. నాసిరకం డ్రాగ్‌లో ముందు గట్టిగా పట్టేసి, తర్వాత ఒక్క కుదుపుతో వదులుతుంది. లైన్ ఆ పట్టేసిన క్షణంలోనే తెగుతుంది.

వేసవిలో ఇది కొంత కప్పబడిపోతుంది. ఏడడుగుల రాడ్ వంగి ఆ కుదుపును మింగేస్తుంది. మంచు మీద మీ రాడ్ పొడవు మూడు, మూడున్నర అడుగులు. దానికి సాగని బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లినది) తోడు. కుదుపును ఆపే మెత్తదనమంతా డ్రాగ్ నుంచే రావాలి. లేక్ ట్రౌట్ కన్నం దాకా వచ్చి, వెలుతురు చూసి, తల తిప్పి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. సగం చేపలు పోయేది అక్కడే. అందుకే రీల్ చేతిలోకి తీసుకోగానే మొదట చేయాల్సింది హ్యాండిల్ తిప్పి ఎంత నున్నగా ఉందో చూసి మురిసిపోవడం కాదు. డ్రాగ్ కొద్దిగా బిగించి, లైన్ పట్టుకుని చాలా నెమ్మదిగా లాగండి. స్పూల్ ఆగి ఆగి కదిలితే పక్కన పెట్టేయండి. డ్రాగ్ మర ముందువైపు ఉన్న రీలే తీసుకోండి. వెనకవైపు మర ఉన్నవాటిలో వాషర్లు చిన్నవి, నున్నదనం తక్కువ.

మీ పాత రీల్ డ్రాగ్ ఎందుకు బిగుసుకుందో మీరు రాయలేదు గానీ రెండు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. తడి లోపలికి దిగి వాషర్ల మధ్య గడ్డకట్టి ఉండాలి, లేదా గ్రీజు చలికి చిక్కబడి ఉండాలి. చలికాలం సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే రీల్ లోపలి గ్రీజు కూడా బిర్రబిగుస్తుంది. కొత్త రీల్‌కి కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఫ్యాక్టరీలో పెట్టే గ్రీజు వేసవిని, పడవలను దృష్టిలో పెట్టుకుని పెట్టేది.

కొన్న రోజే ఒక పరీక్ష చేయండి. రీల్‌ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఒక రాత్రంతా ఇంట్లో ఫ్రీజర్‌లో ఉంచండి. ఫ్రీజర్‌లో ఉండేది మైనస్ 18 డిగ్రీలు, అంటే సరస్సు మీద బాగా చలిగా ఉన్న ఉదయంతో సమానం. ఇంట్లోవాళ్ళు ఏమన్నా పట్టించుకోకండి. పొద్దున తీసిన వెంటనే, వేడెక్కకముందే మూడు చూడండి. హ్యాండిల్ ఎంత బరువుగా తిరుగుతోంది? డ్రాగ్ నెమ్మదిగా లాగితే ఆగకుండా కదులుతోందా? హ్యాండిల్‌ని వెనక్కి తోస్తే గట్టిగా నిలబడుతోందా, జారి వెనక్కి తిరుగుతోందా?

ఈ మూడోది చాలామందికి తెలియదు, అందుకే కాస్త ఆగి చెబుతాను. స్పిన్నింగ్ రీల్ రోటర్ కింద, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే ఒక చిన్న క్లచ్ బేరింగ్ ఉంటుంది. అందులో సన్నటి రోలర్లు, వాటిని నెట్టే బుల్లి స్ప్రింగులు ఉంటాయి. మీరు కొక్కెం గుచ్చడానికి రాడ్ విసురుగా ఎత్తగానే ఆ రోలర్లు ఇరుక్కుని రోటర్‌ని ఆపాలి. వాటికి గ్రీజు అంటుకుని ఉంటే చలికి అది జిగురై రోలర్లను కదలనివ్వదు. రోటర్ వెనక్కి గిర్రున తిరుగుతుంది, కొక్కెం గుచ్చుకోదు, లైన్ వదులై చేప ఊసేస్తుంది. చేప సరిగ్గా పట్టలేదని మనం దాన్ని తిట్టుకుంటాం.

దీనికి మందు ఉంది. స్పూల్, రోటర్ విప్పి, ఆ బేరింగ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, చలికి చిక్కబడని పల్చటి రీల్ ఆయిల్ ఒక్క చుక్క వేయాలి. ఒక్క చుక్కే, రెండోది వద్దు. బెయిల్ (లైన్‌ని స్పూల్ మీదికి మళ్ళించే తీగ వంపు) చివర లైన్ జారే చిన్న రోలర్‌కి కూడా అదే నూనె ఒక చుక్క. అది తిరక్కపోతే లైన్ రాసుకుని పాడవుతుంది, మెలి కూడా పెరుగుతుంది. ప్రధాన గేర్ల మీది మందపాటి గ్రీజు తుడిచేసి తక్కువ ఉష్ణోగ్రతలకు తయారుచేసిన గ్రీజు పల్చగా పూయండి. గ్రీజంతా కడిగేసి పొడిగా వదిలేసేవాళ్ళు ఉన్నారు, అలా చేస్తే గేర్లు అరిగిపోతాయి. కార్బన్ డ్రాగ్ వాషర్లకు డ్రాగ్ గ్రీజు పల్చటి పొర చాలు, గేర్ గ్రీజు అక్కడ పూయకండి. ఇవన్నీ విప్పే ధైర్యం లేకపోతే రీళ్ళు బాగుచేసేవాళ్ళకు ఇచ్చి, మంచు మీద వాడతానని చెప్పండి. వాళ్ళకు అర్థమవుతుంది.

ఇంత జాగ్రత్త చేశాక ఒక పొరపాటుతో అంతా పాడుచేసుకోవచ్చు. నేను చేసుకున్నాను. ఒక ఉదయం బయట రెండు గంటలు కూర్చుని, చేతులు కొయ్యబారితే రాడ్‌తో సహా హీటర్ ఉన్న గుడారంలోకి వెళ్ళాను. చల్లటి రీల్‌కి వెచ్చటి గాలి తగలగానే లోపలా బయటా చెమ్మ పట్టింది. నేనది చూడలేదు. మళ్ళీ బయటికొచ్చి కూర్చున్నాక ఆ చెమ్మంతా గడ్డకట్టింది. బెయిల్ మూసుకోలేదు, డ్రాగ్ రాయిలా అయిపోయింది. ఆ రోజు నా లైన్ తెంపుకుపోయిన చేప ఎంత పెద్దదో ఇప్పటికీ నాకు తెలియదు, కాబట్టి ప్రతి ఏడాదీ అది కొంచెం పెరుగుతూనే ఉంది. బయట వాడే రీల్ బయటే, లోపల వాడేది లోపలే ఉండాలి. ఇంటికెళ్ళాక స్పూల్ తీసేసి, విడిగా ఆరబెట్టి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి.

డ్రాగ్ బిగింపు ఇంట్లో సరిచేసుకోవద్దు. సరస్సు మీదికి వెళ్ళి, రీల్ చల్లబడ్డాక, చేతి త్రాసు కొక్కేనికి లైన్ తగిలించి సరిచూడండి. ఎర దింపే ముందు ప్రతిసారీ రెండడుగుల లైన్ చేత్తో లాగండి. ఎక్కడైనా సన్నటి మంచు పట్టి ఉంటే అప్పుడే పగిలిపోతుంది, చేప కోసం ఆగదు. ఇంకొకటి, చేప లైన్ లాక్కుపోతూ డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. 6:1 రీల్‌లో అలా తిప్పిన ప్రతి చుట్టుకూ లైన్‌లో ఆరు మెలికలు పడతాయి. లోపలికి వచ్చేది మాత్రం ఏమీ ఉండదు. చేప ఆగేదాకా మీరూ ఆగండి. ఎరను దింపాక బెయిల్‌ని హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తోనే మూయండి, చలిలో స్ప్రింగ్ మీద నమ్మకం పెట్టుకోకూడదు.

లైన్ గురించి క్లుప్తంగా చెబుతాను. గుడారంలో కూర్చుంటే 15 పౌండ్ల బ్రెయిడ్ మంచిది. 70 అడుగుల లోతులో చేప ముట్టుకున్నది కూడా తెలుస్తుంది, కొక్కెం బాగా దిగుతుంది. బ్రెయిడ్ స్పూల్ మీద జారకుండా అడుగున కొన్ని చుట్లు మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) చుట్టండి. చివర స్వివెల్, దానికి 10 నుంచి 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ మూడడుగులు. స్వివెల్ రాడ్ కొస రింగులోంచి దూరదు కాబట్టి లీడర్ ఇంతకంటే పొడవు పెడితే చేప తల కన్నంలోకి రాకముందే మీ తిప్పడం ఆగిపోతుంది. కన్నం అంచుకు రాసుకున్నప్పుడు కూడా బ్రెయిడ్ కంటే ఆ లీడరే తట్టుకుంటుంది. ఆరుబయట కూర్చునేట్టయితే బ్రెయిడ్ వద్దు. అది నీళ్ళు పీల్చి తీసుకొచ్చి రీల్‌కి పంచిపెడుతుంది. 10 పౌండ్ల మోనోయో ఫ్లోరోకార్బనో నేరుగా చుట్టుకోండి, సాగినా ఫర్వాలేదు. ఏది చుట్టినా 150 గజాలు చాలు. స్పూల్ అంచుకు ఎనిమిదో వంతు అంగుళం తక్కువగా నింపండి. సగం నింపితే చుట్టుకు 35 అంగుళాలన్న మన లెక్క తప్పిపోతుంది.

అంతకంటే పెద్ద రీల్ కొనాలన్న ఆశ కలుగుతుంది, ముఖ్యంగా 1995లో గ్రేట్ బేర్ సరస్సులో 72 పౌండ్ల లేక్ ట్రౌట్ గాలానికి పడిందని విన్నాక. 4000 సైజు రీల్ పొట్టి రాడ్ మీద సుత్తి కట్టినట్టుంటుంది. రోజంతా జిగ్గింగ్ చేసే మణికట్టు మధ్యాహ్నానికే మొరాయిస్తుంది. 2500తో, సరిగ్గా సవరించిన డ్రాగ్‌తో 20 పౌండ్ల చేపను కూడా నెమ్మదిగా తీసుకురావచ్చు. మరీ చిన్న రీల్ పెట్టి చేపను అరగంట సతాయించడం మాత్రం వద్దు. ఈ చేపలు చాలా నెమ్మదిగా పెరుగుతాయి, యాభై ఏళ్ళు దాటి బతికేవీ ఉన్నాయి. నీళ్ళలోకి తిరిగి వదిలేసే ఉద్దేశం ఉంటే త్వరగా తెచ్చి, మంచు మీద పెట్టకుండా కన్నంలో ఉండగానే కొక్కెం తీసేయడం మేలు. గడ్డకట్టే గాలికి మొప్పలు నిమిషాల్లో పాడైపోతాయి.

బేరింగుల సంఖ్య చూడొద్దు. నాలుగైదు మంచివి ఉంటే చాలు. హ్యాండిల్ పిడి మాత్రం చూడండి. తొడుగు వేసుకున్న చేతికి అందేంత లావుగా, రబ్బరుదో ఫోమ్‌దో అయ్యుండాలి. లోహపు పిడి అయితే తొడుగు తీసిన మరుక్షణం చెయ్యి అంటుకుపోయినట్టు ఉంటుంది.

మీ చివరి సందేహం నిజానికి చిన్నదేమీ కాదు. మీది కుడిచేతి వాటమైతే హ్యాండిల్ ఎడమవైపు పెట్టుకోండి. రోజంతా ఎరను ఆడించేది, చేప ముట్టుకుంటే పసిగట్టేది రాడ్ పట్టుకున్న చెయ్యి, అది మీ తెలివైన చెయ్యే కావాలి. చేప తరుముకొస్తున్నప్పుడు రాడ్‌ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకునే టైం ఉండదు. ఎడమ చేత్తో వేగంగా తిప్పడం మొదట్లో తడబాటుగా ఉంటుంది, ఇంట్లో టీవీ ముందు కూర్చుని వారం రోజులు తిప్పితే అలవాటవుతుంది. స్పిన్నింగ్ రీళ్ళలో చాలావాటికి హ్యాండిల్ విప్పి రెండో వైపుకు మార్చుకోవచ్చు, బెయిట్‌కాస్టర్‌కి ఆ వీలు లేదు. మార్చాక రెండో పక్క కన్నాన్ని మూసే చిన్న మూతను గట్టిగా బిగించండి. చలిలో తొడుగుతో తడుముకుంటూ బిగించినవి ఊడిపోతాయి. మీరు కూర్చునేది ఎనిమిది అంగుళాల కన్నం పక్కన, ఊడిన మూత ఎటు దొర్లుతుందో మీకు తెలుసు.